దుప్పటి కింద బేరం

దెయ్యాలున్నాయంటే నేను నమ్మను. పాడేరులో మాది కిరాణా కొట్టు, మా వీధంతా కొట్లే. చేత్తో పట్టి చూడని సరుకు మా ఇంట్లో కొనరు. బేరమాడకుండా తెచ్చిన కూర నాకైతే అరగదు కూడా. అలాంటిదాన్ని ఈ సంగతి చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంది.

మొన్న చలికాలంలో నాన్నకి ఆయాసం ముదిరింది. ఆసుపత్రిలో ముఖానికి మాస్కు బిగించి, గాలిని లోపలికి తోసే మిషన్ పెట్టారు. కాని ఆయన ఊపిరి వదిలేటప్పుడు అది తోస్తోంది, పీల్చేటప్పుడు ఆగుతోంది. నాన్న మాస్కు పీకేయబోతున్నాడు. ఇది కుదరకపోతే గొంతులో గొట్టం వేసి విశాఖ పంపాలని, ఘాట్ రోడ్డు దిగేదాకా ప్రాణం నిలుస్తుందని చెప్పలేనని డాక్టరమ్మ అంది.

నేను మంచం పక్కన కూర్చుని, దుప్పటి కింద ఆయన చెయ్యి పట్టుకున్నాను.

కొట్టు పెట్టకముందు నాన్న సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువాలు కప్పి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. చిన్నప్పుడు బెల్లం ముక్క కోసం మేమిద్దరం అలాగే ఆడుకునేవాళ్ళం. మా లెక్కలో చిటికెన వేలు నొక్కితే తగ్గించమని, చెయ్యంతా పట్టేస్తే ఖాయమని.

డాక్టరమ్మ గాలి ఒత్తిడి ఒక మెట్టు పెంచింది. నా చిటికెన వేలు మీద నొక్కు పడింది.

"తగ్గించండి మేడమ్, ఎక్కువైంది," అన్నాను.

"మిషన్‌తో కూడా బేరమేటమ్మా," అంది. అయినా ఆయన ఛాతీ వైపు చూసి తగ్గించింది. గాలి మెల్లగా మొదలయ్యేట్టు మార్చింది. మళ్ళీ నొక్కు. మళ్ళీ చెప్పాను. ఆవిడ ఇంకాస్త సవరించగానే నా చెయ్యంతటి మీదా గట్టి పట్టు బిగిసింది.

"చాలు," అన్నాను.

మిషన్ తోస్తే ఛాతీ లేచింది, ఆగితే దిగింది. కాసేపటికి నాన్న హాయిగా నిద్రపోయాడు.

అమ్మ టీ పట్టుకొచ్చి ఆగిపోయింది. "ఒలే, ఏ సెయ్యట్టుకున్నావే?"

"ఏటయింది?"

"కుడి సెయ్యి కదే అది. అది పనిసేస్తే నేనెందుకు అన్నం కలిపి పెడతాను?"

నిజమే. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆ చెయ్యి కదలదు. ఎడమ చేతికి సెలైన్ ఉందని, కంగారులో ఇటు కూర్చున్నాను. దుప్పటి తీసి చూశాను. వేళ్ళు ఎప్పట్లాగే వాలిపోయి ఉన్నాయి. నా చేతి మీద మాత్రం పట్టిన గుర్తు ఎర్రగా ఉంది.

భయానికి నా వేళ్ళే బిగుసుకుని ఉంటాయంది డాక్టరమ్మ. ఆ మాట సగానికే ఒప్పుకున్నాను.

నాన్న ఇప్పుడు రోజూ కొట్లో కూర్చుంటున్నాడు. అడిగితే ఏమీ గుర్తులేదంటాడు. "నేనే నీతో బేరమాడుంటే నువ్వు గెలిసేదానివేటే?" అని నవ్వుతాడు.

ఆయన టీవీ చూస్తున్నప్పుడు అప్పుడప్పుడు ఆ చెయ్యి పట్టుకుని, చిటికెన వేలు ఇచ్చి చూస్తాను. ఏమీ ఉండదు. ఆ రోజు అటువైపు నుంచి నొక్కిందెవరో నాకిప్పటికీ తెలియదు. పక్కన ఆయన ఊపిరి వినిపిస్తూ ఉంటుంది. దాంతో సర్దుకుంటాను.