తాలు అంటే ఏ తాలు?

రిటైర్మెంటుకు మూడేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, మా విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు సంతకంతో నాకొక ఉత్తర్వు వచ్చింది. పత్తి, మిరప పొలాల్లో మిగిలే చెత్తతో పొగ తక్కువ వచ్చే వంటచెరకు తయారుచేసి, దానివల్ల వంట చేసే ఆడవాళ్ళ ఊపిరితిత్తులు ఏ మేరకు బాగుపడతాయో కొలిచే పరిశోధనకు నన్ను ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటరుగా నియమించారు. ఈ హోదా సంగతి బయటివాళ్ళకు కొంచెం చెప్పాలి. పని చేసేవాళ్ళు వేరే ఉంటారు. ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటరు సంతకం పెడతాడు. పని బాగా జరిగితే ఫొటోలో మధ్యన నిలబడతాడు. బాగా జరగకపోతే ఎక్కడ నిలబడాలో నిబంధనల్లో రాయలేదు.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరుని. పొయ్యిల మీద డాక్టరేటు ఉంది. అన్నం వండటం రాదు. మా రంగంలో అదేమీ అడ్డంకి కాదు. పొయ్యి సామర్థ్యాన్ని నీళ్ళు కాచి కొలుస్తాం: ఐదు లీటర్ల నీళ్ళు, తూచిన కట్టె, ఒక స్టాప్‌వాచ్. నా సర్వీసంతా మా ల్యాబులో మరిగిన నీళ్ళతో జిల్లాలోని పెళ్ళిళ్ళన్నిటికీ కాఫీ పెట్టొచ్చు. అందులో గుప్పెడు బియ్యం పోసిన పాపాన మాత్రం ఎవరం పోలేదు.

క్షేత్ర పరీక్షకు ఒక ఊరి హైస్కూలును ఎంచుకున్నాం. మార్టూరు నుంచి లోపలికి వెళ్తే, గ్రానైటు యూనిట్ల తెల్లదుమ్ము వెనకబడి మిరప చేలు మొదలయ్యే చోట ఉంటుంది. అక్కడ మధ్యాహ్న భోజనం వండే ఆవిడ పేరు మరియమ్మ. యాభై దాటాయి. పెద్ద పెద్ద గుండిగలకు గ్యాసు చాలదని కట్టెల పొయ్యి మీదే వండేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడేనట. రెండేళ్ళుగా రెండో చరణం దగ్గర దగ్గొచ్చి ఆగిపోతోందట. దసరా సెలవుల్లోగా దగ్గు తగ్గకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని హెడ్మాస్టారు చెప్పేశారు.

"పొయ్యి మానేస్తే కూలికి పోవాలి సార్. వంగి మిరపకాయ కొయ్యడానికి మాత్రం ఊపిరి అక్కర్లేదేంటి?" అని అడిగింది మరియమ్మ. నా ప్రశ్నావళిలో ఆ ప్రశ్నకు గడి లేదు.

ఈ పరిశోధనలో నా భాగస్వామి వైద్య కళాశాల ప్రొఫెసరు. ఊళ్ళో అందరూ డాక్టరమ్మ అనేవాళ్ళు. ఆవిడ ఒక గొట్టం ఇచ్చి ఊదమనేది. దాని మీది ముల్లు ఎంత దూరం జరిగితే ఊపిరి అంత బలంగా ఉన్నట్టు. మరియమ్మ ఊదితే ముల్లు బద్ధకంగా కదిలి, మా పరిపాలనా భవనంలో ఫైలులాగా దారిలోనే ఆగిపోయింది.

జూలైలో ముడిసరుకు సర్వేకు వెళ్ళాను. కోటేశ్వరరావనే రైతు మమ్మల్ని మిరప కల్లంలో నిలబెట్టి మాట్లాడాడు. "పత్తికట్టె గట్టు మీదుందండీ, ఎంతన్నా పట్టకపోండి. తాలు కూడా బస్తాలకి బస్తాలుంది. అకాల వానకి తడిసి సచ్చింది. మార్కెట్టు యార్డులో ఎవుడూ మొహం చూట్టంలా. తోలకపోండి, పుణ్యముంటది."

మాది తెనాలి అవతల, కాలవ కింద వరి పండే ఊరు. తూర్పార పట్టేటప్పుడు గాలికి ఎగిరిపోయే, లోపల బియ్యం లేని గింజ తాలు. తేలిక, పొడి, ఇట్టే అంటుకుంటుంది. నోట్‌బుక్కులో అలాగే రాసుకున్నాను. కనుచూపు మేరలో ఒక్క వరి చేను కూడా లేదన్నది నేను గమనించలేదు. శాస్త్రీయ పరిశీలన మీద ఎం.టెక్. వాళ్ళకు పాఠం చెప్పేది నేనే.

పక్కన మా ల్యాబ్ టెక్నీషియన్ మస్తాన్ వలీ ఉన్నాడు. నా ఈడువాడే, నరసరావుపేట వైపు మిరప రైతుల ఇంటి మనిషి. కారెక్కాక నెమ్మదిగా అడిగాడు: "తాలు అంటే తెలుసుగా సార్ మీకు?"

"వలీ, వరి ఊళ్ళో పుట్టినవాడికి తాలు సంగతి చెబుతావుటయ్యా?" అన్నాను.

"సరే సార్," అన్నాడు. విశ్వవిద్యాలయాల్లో ఇంతకన్నా ప్రమాదకరమైన మాట ఇంకొకటి లేదు.

పొలం చెత్తను పొడిచేసి యంత్రంలో నొక్కితే గట్టి ముక్కలవుతాయి. వాటిని బ్రికెట్లంటారు. పత్తికట్టెతో చేసిన మొదటి విడత ల్యాబు పరీక్షలో చక్కగా నెగ్గింది. రెండో విడతలో పత్తికట్టెకు తాలు కలపాలని నేను ఆదేశించాను. బస్తాలు వచ్చిన రోజు నేను ఢిల్లీలో, ప్రజల భాగస్వామ్యం మీద జరుగుతున్న సదస్సులో ఉన్నాను. వలీ ఫోను చేశాడు.

"తాలు వచ్చింది సార్. మిషన్లో వెయ్యమంటారా?"

"వెయ్యవయ్యా."

"తాలండీ సార్."

"చెవుడు లేదయ్యా నాకు!"

"సరే సార్."

ప్రతి విడతలోనూ కొన్ని బ్రికెట్లు ల్యాబులో కాల్చి చూడాలన్నది నియమం. ప్రదర్శనకు తేదీ ఖరారైపోయింది. మొదటి విడతకూ దీనికీ తేడా లేదని సంతకం పెట్టాను. బ్రికెట్లు కాస్త ఎర్రగా ఉన్నాయి. అందంగా ఉన్నాయనుకున్నాను.

ప్రదర్శన సెప్టెంబరులో. రిజిస్ట్రారు, డాక్టరమ్మ, హెడ్మాస్టారు, సర్పంచి, ఒక బ్యానరు, బొకేలు. వంటశాల గోడకు గాలిలో పొగ రేణువులు లెక్కపెట్టే యంత్రం తగిలించాం. మరియమ్మ పొయ్యి వెలిగించింది. పైన వేసినవి పాత విడత బ్రికెట్లేమో, రెండు నిమిషాలు మంట ముచ్చటగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో నిమిషంలో రిజిస్ట్రారు తుమ్మారు. నాలుగో నిమిషానికి వంటశాలలో ఎవరూ లేరు. అయిదో నిమిషానికి బడిలో ఎవరూ లేరు. పిల్లలు అంత క్రమశిక్షణతో బయటికి నడవడం హెడ్మాస్టారు తన సర్వీసులో చూడలేదట. యంత్రం కొంతసేపు అంకెలు చూపించి, తర్వాత లెక్క మానుకుంది.

మా వైపు ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే లేనట్టు. సర్పంచి కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "మా బడికి దిష్టన్నది లేదని తేలిపోయిందండీ ప్రొఫెసరు గారూ," అన్నాడు.

నేనూ నవ్వబోయాను. అప్పుడు కనిపించింది మరియమ్మ. గుమ్మం దగ్గర గోడ పట్టుకుని కూలబడి ఉంది. నోరు తెరిచి లాగుతోంది, గాలి లోపలికి పోవడం లేదు. డాక్టరమ్మ పరుగెత్తి ముందుకు వంచి కూర్చోబెట్టి, మందు పీల్పించింది. దాదాపు అరగంట పట్టింది. ఆ అరగంటలో జరిగిన దేన్నీ నేను హాస్యంగా రాయలేను.

ఊపిరి కుదుటపడ్డాక ఆవిడ అడిగిన మొదటి మాట: "అందులో ఏం కలిపారు సార్?"

"తాలమ్మా. వడ్ల తాలు."

"వడ్లా?" అంది. మళ్ళీ దగ్గొచ్చింది, అది నవ్వో దగ్గో తెలియలేదు. "మా ఊళ్ళో వడ్లెక్కడివి సార్, తాలుండటానికి? రంగు చచ్చి అక్కడక్కడ తెల్లబడ్డ మిరపకాయని తాలంటాం. గుంటూరు మిర్చి యార్డులో ఏ హమాలీనడిగినా చెబుతాడు."

నేను వలీ వైపు చూశాను. వలీ బ్యానరు చదువుతున్నాడు.

హెడ్మాస్టారు దసరా దాకా ఆగడం అనవసరమని తేల్చారు. పొయ్యి దగ్గర పడిపోయిన మనిషిని పొయ్యి దగ్గర ఉంచలేమన్నారు. రిజిస్ట్రారు నన్ను పక్కకు పిలిచి, జరిగినదాన్ని నివేదికలో 'స్థానిక పదజాల వ్యత్యాసం' అని రాయమని సలహా ఇచ్చారు. మంచి మాట, అందులో మనుషులెవరూ లేరు. కానీ అలా రాస్తే తప్పు ఊరి భాష మీదికి, జబ్బు మరియమ్మ మీదికి పోతాయి. హెడ్మాస్టారికి లేఖ రాసి, నకలు రిజిస్ట్రారుకు పంపాను: తాలు అంటే వడ్ల తాలనుకున్నది నేను, పరీక్ష చెయ్యకుండా సంతకం పెట్టింది నేను, వంటావిడ తప్పేమీ లేదు, దసరా దాకా ఇచ్చిన గడువు నిలపగలరు. నా సర్వీసులో ఎవరూ సవరించకుండా వదిలేసిన ఉత్తరం అదొక్కటే.

గడువు నిలిచింది. "మీ పొయ్యి మంచిదే సార్, దానికి తిండే తప్పు పెట్టారు," అంది మరియమ్మ. ఆ తర్వాత ఉత్త పత్తికట్టె బ్రికెట్లే వాడాం. ప్రతి బస్తాలోంచి ఒక ముక్క తీసి వలీ ఆరుబయట కాల్చేవాడు. మరియమ్మ దూరంగా నిలబడి వాసన చూసి ఊ అంటేనే బస్తా లోపలికి పోయేది. రెండు బస్తాలు వెనక్కి పంపింది. నివేదికలో దీన్ని 'ఇంద్రియ ఆధారిత నాణ్యతా నియంత్రణ' అన్నాను.

దసరా సెలవులకు ముందురోజు మరియమ్మ గొట్టం ఊదింది. ముల్లు మునుపటికన్నా ముందుకు పోయింది. డాక్టరమ్మ 'కొంచెం' అంది. డాక్టర్లు కొంచెం అన్నదాన్ని మేం వ్యాసాల్లో 'గణనీయం' అంటాం. హెడ్మాస్టారు ముల్లు చూసి, ఇంకేమీ అనకుండా సెలవుల తర్వాతి వంట పట్టిక మరియమ్మ చేతికే ఇచ్చారు. చర్చిలో పాట మూడో చరణం దాకా వెళ్తోందని తర్వాతెప్పుడో వలీ చెప్పాడు. ఆ కొలతకు ప్రమాణం లేదు కాబట్టి నివేదికలో చేర్చలేదు.

మా విభాగంలో ఇప్పుడు ముడిసరుకు ఫారంలో ఒక గడి పెరిగింది: 'స్థానిక నామం, దాని అర్థం'. దాన్ని చదవకుండానే సంతకం పెడుతున్నారని విన్నాను. నేను నేర్చుకున్నది ఇంతే. తెలియని మాట వినబడితే ఎవరైనా అడుగుతారు. తెలిసిన మాట వినబడినప్పుడే అడగాలి. టెక్నీషియన్ ఒకే మాట రెండోసారి చెబితే, అది మీ చెవుల గురించి కాదు.