అక్క చెవితో కొన్న ల్యాప్‌టాప్

మా అక్క శామీర్‌పేట దగ్గరి సర్కారు బడిలో సోషల్ చెప్పేది. చిన్నప్పుడు రేచీకటితో మొదలైన జబ్బు, నలభై దాటేసరికి చూపంతా తీసుకుపోయింది. పాఠం చెప్పడానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా రాతపనితోనే. ఇంట్లో బావ, బడిలో తోటి టీచరు రాసిపెట్టేవారు. వాళ్లెప్పుడూ విసుక్కోలేదు. విసిగింది అక్కే.

తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాములు ఉన్నాయని నేనే చెప్పాను. అప్పుడు నేను సూరారంలో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. అమ్మకానికి ఉన్న ప్రోగ్రాము మా జీతాలకు అందదు. దొంగ కాపీ తెస్తానంటే అక్క ఒప్పుకోలేదు.

"పిల్లలకు కాపీ కొట్టొద్దని చెప్పుకుంట నేనే కొట్టాల్నా?" అంది.

విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్‌లో అలాంటిదే ఉచితంగా ఉందని తెలిసి ఒక సీడీ సంపాదించాను. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని కదిలించకుండా, ఆ సీడీ నుంచే లినక్స్ నడుస్తుంది. చదివే గొంతు ఇంగ్లీషు గొంతు. అయితే ఆ రోజుల్లో అన్ని ల్యాప్‌టాప్‌లూ లినక్స్‌తో కుదిరేవి కావు. ఒకదాంట్లో శబ్దం రాదు, ఇంకోదాంట్లో వైఫై దొరకదు. కొన్నాక తెలిస్తే చేసేదేమీ లేదు. అందుకని సీడీ సంచిలో వేసుకుని ఇద్దరం అల్వాల్ వెళ్లాం.

మొదటి దుకాణంలో అమ్మే అతను నా వైపే చూస్తూ మాట్లాడాడు. "ఆమెకు ఎసువంటిది గావాలె మేడం?"

"ఆమె ఈడనే ఉన్నది. ఆమెనే అడుగు," అంది అక్క.

సీడీ వేస్తే వారంటీ పోతుందని అతను వేయనివ్వలేదు. రెండో దుకాణంలో వేయనిచ్చారు. తెర వెలిగింది గానీ గొంతు పలకలేదు.

మరుసటి ఆదివారం మేడ్చల్ వెళ్లాం. ఆఫీసుల్లో వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు అమ్మే దుకాణం అది. యజమాని మా మాట పూర్తిగా విని, "చెవులతోటి కొనేటోళ్లను నేనైతే ఇంతవరకు జూడలే. మీ సీడీ ఏస్కోండ్రి," అని కుర్చీలు వేశాడు.

ముందు ఒక పల్చటి ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టాం. వెంటనే పలికింది. నాకు పని అయిపోయిందనిపించింది. అక్క మాత్రం మీటలన్నీ తడిమి, మూత మూసి, కాసేపాగి తెరిచింది. గొంతు రాలేదు.

"ఏమైంది చెల్లె?"

"మూత దెరిచినంక సౌండు వస్తలేదు. బంద్ జేసి మళ్ల చాలు జేస్తే వస్తది."

"క్లాసు నడుమ గిట్లనే మూగబోతే? అది పనిజేస్తాందో ఆగిపోయిందో నాకెట్ల ఎర్కైతది?"

మూత మూసి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. తెర వెలుగుతూనే ఉంది కాబట్టి నాకది చెడిపోయినట్టు తోచలేదు.

తర్వాతిది నల్లటిది, లావుది, ఒళ్లో పెట్టుకుంటే బరువు తెలిసేది. మూత ఎన్నిసార్లు మూసి తెరిచినా మాట అందుకుంది. వైఫై మాత్రం దొరకలేదు. నేను వెనకాడాను.

"మన ఇంట్ల ఇంటర్‌నెట్ తీగతోనే వస్తది గదా," అంది అక్క.

"బ్యాటరీ ఎక్కువసేపు నిలువది అక్కా. ముందుగాలనే చెప్తున్న," అన్నాడు యజమాని.

"ప్లగ్గు పక్కకు కుర్చీ ఏస్కుంట తియ్యి."

అదే కొన్నాం.

మొదట్లో అది ఆమెను బాగానే సతాయించింది. గొంతు మన ఊర్ల పేర్లను గుర్తుపట్టరాకుండా పలికేది. అక్క తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, నేను తెలుగులోకి మార్చేదాన్ని. తప్పులు కనిపించి నా చెయ్యి మీటల మీదికి పోతే, "నువ్వు దిద్దకు. ఏడున్నదో చెప్పు సాలు," అనేది. అర్ధసంవత్సర పరీక్షలకు ప్రశ్నపత్రం మొత్తం తనే కొట్టుకుంది.

ఆ సంగతి విని బడిలో ఇన్నేళ్లూ రాసిపెట్టిన టీచరు సంతోషించింది. కానీ మనసులో ఏదో కష్టపెట్టుకుందని అక్కకు ఆమె గొంతులోనే తెలిసిందట. ఇంటర్వెల్‌లో ఆమె అక్క దగ్గరికి రావడం మానేసింది. అక్క రెండు రోజులు చూసి, టిఫిన్ డబ్బా పట్టుకుని తనే స్టాఫ్‌రూమ్ అవతలి కొసకు వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"రాసేది లేకుంటే మాట్లాడేది గూడ లేదా?" అని అడిగింది.

అప్పటినుంచి ఇద్దరూ అక్కడే తినేవారు.