దీపాలు పెట్టాక అడిగిన తోడు

సారీని తెలుగులో ఏమంటారని మొన్న ఫోన్లో అడిగావు కదా మనవరాలా, క్షమించండి అంటారు. అయితే అది సెలవు చీటీల్లో రాయడానికే. మన వీధిలో ఎవరూ నోటితో అనగా నేను వినలేదు.

టెక్కలి బడిలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పాను. ప్రశ్నార్థకం, ప్రార్థనార్థకం అని బోర్డు మీద వరసగా రాసి, ఉదాహరణలిచ్చి, తప్పు చెప్పినవాళ్ళని నిలబెట్టేదాన్ని. ఆ చదువంతా పలాసలో మా గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఎటు పోయేదో.

మా పక్కింటి వదిన జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్ళేది. పొద్దున్నే నేను బస్సుకి బయల్దేరితే, "దూరమేటి వదినా?" అనేది. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడక్కూడదు కదా, అందుకని అలా అనేది. నేను "ఆఁ" అంటే చాలు, సాగనంపినట్టు.

ఒకరోజు బడిలో తనిఖీ. బస్సుకి ఆలస్యమైంది, చీర కుచ్చిళ్ళు కుదరలేదు. వదిన ఎప్పటిలాగే అడిగింది.

"రోజూ బడికే ఎల్తన్నానని తెలిసీ అడుగుతావేటి? ఇంకేటి పని లేదా నీకు?" అన్నాను.

కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. వదిన బిందె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి నేను గుమ్మం దిగుతుంటే తలుపు చాటుకి తప్పుకునేది.

మన వీధిలో మాటామాటా అనుకున్నాక, తప్పు చేసినవాళ్ళు వెళ్ళి ఏదైనా అడుగుతారు. కాస్త చింతపండో, పాలలోకి తోడో. అవతలివాళ్ళు ఇచ్చారా, గొడవ తీరిపోయినట్టే. అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అదీ కుళాయి దగ్గర ఎవరూ లేకుండా చూసుకుని, చీకటిపడ్డాక గ్లాసు కొంగు కింద దాచుకుని వెళ్ళాను.

"వదినా, కొంచెం తోడుంటే ఇయ్యి."

"దీపాలెట్టేసినాక పెరుగు ఇయ్యరు కదా వదినా," అంది నెమ్మదిగా. "పిల్లలకి పాఠాలు సెప్పేదానివి, నీకు తెల్దేటి?"

తెలుసు. మా ఇంట్లోనూ ఇవ్వం. ఎవరూ చూడకూడదనుకుని, ఎవరూ ఇవ్వని వేళే ఎంచుకున్నాను. "అవును కదా" అని ఖాళీ గ్లాసుతో వచ్చేశాను.

పొద్దున తనే పంపుతుందని నేను ఎదురుచూశాను. నేను మళ్ళీ వస్తానని తను చూసిందేమో. ఆ నెలలోనే బారువలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను.

"బాగున్నావా వదినా?"

"బాగున్నాను. నువ్వో?"

ఎండల గురించి, ఎండుచేపల గురించి మాట్లాడుకుంటాం. అడగాలనుకున్న మాట నోటి దాకా వస్తుంది. పెద్ద తెలుగు టీచర్ని, అక్కడే ఆగిపోతాను.

ఆ సాయంత్రం నువ్వు లేదన్నది పెరుగుకా వదినా, నాకా?