పంకా మోతలో అప్పన్న మాట

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దానంతటదే ఐదో అంతస్తులో ఆగుతోందని వాట్సాప్ గ్రూపులో గోల చేస్తే, పిలవాల్సింది మెకానిక్‌ని, పూజారిని కాదు అని రాసి అందరిచేతా తిట్లు తిన్నదాన్ని. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

అయినా ఇది రాస్తున్నాను. రాయకపోతే ఆ సాయంత్రం గురించి మా కంపెనీ పెట్టిన రీల్ ఒక్కటే మిగులుతుంది.

నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్చార్‌లో పనిచేస్తాను. ఉద్యోగులకు ఉత్సాహం తెప్పించడం నా పని. అంటే బెలూన్లు కట్టించడం, కేకులు కోయించడం, ఇష్టం లేనివాళ్లచేత డాన్సులు చేయించడం. ఈ ఏడాది వార్షికోత్సవానికి మా హెడ్ నిఖిల్ 'యుద్ధనౌక' అనే థీమ్ పెట్టాడు. సేల్స్ వాళ్లు టార్గెట్లు కొడతారు కాబట్టి వాళ్లూ సైనికులే అని అతని లెక్క. మా పెదనాయన విమానవాహక నౌకలో పనిచేశాడని నేను ఎప్పుడో భోజనాల దగ్గర నోరుజారాను. అతను దాన్ని పట్టుకున్నాడు.

పెదనాయన మా నాన్నకు అన్న. కడప జిల్లా మనిషి. మీసాలు రాకముందే నౌకాదళంలో చేరాడు. బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు బంగాళాఖాతంలో ఓడ మీదే ఉన్నాడు. పైలట్ కాదు. డెక్ మీద విమానాలను తోయడం, చక్రాలకు దిమ్మెలు పెట్టడం, సైగ రాగానే లాగేయడం ఆయన పని. ఇప్పుడు నార్సింగిలో మా అక్క వాళ్లింట్లో ఉంటాడు.

యుద్ధం గురించి అడిగితే ఆయన చెప్పేదంతా రోతే. అన్నం ముద్దలో కూడా ఇంధనం వాసనేనట. కింద పడుకునే చోట ఆవిరి గొట్టాల వేడికి ఒళ్లంతా చెమటకాయలు, పక్కవాడి వాంతి, ఉప్పునీళ్ల స్నానంతో అట్టకట్టిన జుట్టు. దేశభక్తి గురించి నాలుగు ముక్కలు చెప్పమంటే, ఆరని బనియన్ల కంపు గురించి చెప్పేవాడు. నాకు అందుకే ఆయనంటే ఇష్టం.

నిఖిల్, నేను నార్సింగి వెళ్లి ఆయన మాటలు రికార్డు చేశాం. ఆ రోజే మొదటిసారి అప్పన్న గురించి విన్నాను.

విమానాలు ఎగరడానికి ముందు ఓడ మీద ఒక పని ఉండేదట. పెదనాయన దాన్ని 'ఏరుడు' అనేవాడు. ఆఫీసర్ల నుంచి వంటవాళ్ల దాకా ఎవరు దొరికితే వాళ్లు డెక్‌కు అడ్డంగా ఒక వరసలో నిలబడి, తలలు వంచుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడవాలి. మేకు, తీగముక్క, గుడ్డపీలిక, ఏది కనిపించినా ఏరి జేబులో వేసుకోవాలి. చిన్న బోల్టును ఇంజను పీల్చుకున్నా చాలు, విమానమూ పోతుంది, మనిషీ పోతాడు.

ఒక తెల్లవారుజామున ఏరుడు అయిపోయి, ఇంజన్లు తిరగడం మొదలయ్యాక, డెక్ మీద ఒక బోల్టు మెరిసింది. వెనక జెట్ విమానం సిద్ధంగా ఉంది. పెదనాయన జతగాడు అప్పన్న దాన్ని తీయడానికి వంగి పరిగెత్తాడు. ముందున్నది ముక్కుకు పంకా ఉండే విమానం. వేగంగా తిరిగే పంకా ఆ మసక వెలుతురులో కంటికి కనపడదు. తర్వాత డెక్ కడిగారట. విమానాలు లేచిపోయాయట.

అంతవరకే చెప్పి పెదనాయన ఆగిపోయాడు. నిఖిల్ వైపు చూసి, "చెప్తే ఉన్నదున్నట్ల చెప్పండి నాయనా. ల్యాకుంటే వాని పేరే ఎత్తొద్దు" అన్నాడు.

"ష్యూర్ సార్, ష్యూర్" అన్నాడు నిఖిల్.

తిరిగి వస్తూ కారులోనే మొత్తం మార్చేశాడు. "బోల్టు ఏరడానికి వెళ్లి చనిపోయాడంటే ఆడియన్స్‌కి కనెక్ట్ అవ్వదండి. ఎనిమీ బుల్లెట్ పెడదాం. పడిపోతూ సెల్యూట్ కొడతాడు. అప్పన్న అనే పేరు కూడా మరీ పాతగా ఉంది, అర్జున్ అందాం." నేను వాదించాను. అరిచాను కూడా. మీరు మరీ ఎమోషనల్ అండి అన్నాడు.

ఇదంతా పెదనాయనకు ఫోన్ చేసి చెప్పేశాను. రావద్దన్నాను. ఆయన మాత్రం వస్తానన్నాడు. "నన్ను స్టేజీ ఎక్కిస్తారు గదా పాపా. మైకు తీసుకోని నేనే చెప్తా, వాడు ఎట్ల పోయినాడో. అంతమంది ముందర వాని పేరు అబద్ధం కాకూడదు." ఆయనకు కావలసింది అదొక్కటే.

ఆ సాయంత్రం మా టవర్ డాబా మీదికి ఎక్కాను. నేలంతా ఓడ డెక్ లాగా గీతలు గీశారు. కూల్‌డ్రింకులకు మిస్సైల్, టార్పెడో అని పేర్లు. ఒక మూల 'అమరవీరుడి సెల్ఫీ పాయింట్'. నెత్తుటి మరకలున్న యూనిఫాం బొమ్మ, తల ఉండాల్సిన చోట కంత. మా వాళ్లు అందులో మొహాలు దూర్చి, నాలుకలు బయటపెట్టి ఫొటోలు దిగుతున్నారు. నేల మీద కబాబ్ పుల్లలు, రంగు కాగితాలు, ఎవరో ఉమ్మిన సోంపు. పెదనాయన తెల్లచొక్కా వేసుకుని, పతకాలు పెట్టుకోకుండా వచ్చాడు. ఆ బొమ్మ ముందు కాసేపు నిలబడ్డాడు. ఆయన్ని ఆ చోటుకు తెచ్చిన కంపెనీ మీద, అక్కడ జీతం తీసుకుంటున్న నా మీద నాకే అసహ్యం వేసింది.

స్టేజీ మీద థర్మోకోల్ విమానం. దాని ముక్కుకు ఫంక్షన్ హాళ్లలో వాడే పెద్ద ఫ్యాను బిగించారు. నిజమైన పంకాలా కనబడాలని నిఖిల్ రెక్కలకు అడ్డంగా ఉండే జాలీ తీయించేశాడు. ప్రమాదం అని నేనంటే, దాని దగ్గరికి ఎవరూ వెళ్లరండి అన్నాడు. అందుకే నేను దాని స్విచ్చు పక్కనే నిలబడ్డాను.

అర్జున్ వేషానికి ఈవెంట్ వాళ్లు మూసాపేట నుంచి శ్రీశైలం అనే నటుడిని తెచ్చారు. ముప్పై ఐదేళ్లుంటాయి. సీరియళ్లలో కానిస్టేబుల్ వేషాలు వేస్తాడట. నాకు తెలిసినంతవరకు అతనికి చేరింది నిఖిల్ పంపిన వాయిస్ మెసేజ్ ఒక్కటే. తుపాకీ మోతలు వినగానే పడిపోవాలి, సెల్యూట్ కొట్టాలి, జైహింద్ అనాలి. పెదనాయనను అతను అప్పుడే మొదటిసారి చూశాడు. దూరం నుంచి నమస్తే పెట్టాడు.

పెదనాయనను స్టేజీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మైకు అడిగాడు. "టైం లేదు సార్, మీరు జస్ట్ చేయి ఊపండి చాలు" అన్నాడు నిఖిల్. ఆ ముసలాయన చేయి గాల్లో చాచినట్టే ఉండిపోయింది.

ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. సైరన్ మోగింది, ఫ్యాను తిరిగింది. నా పక్కనే ఉన్న ఫ్యాను మోతకు, స్పీకర్ల మోతకు, నా అరుపు నాకే వినపడని పరిస్థితి. తుపాకుల చప్పుడు మొదలైంది. శ్రీశైలం పడిపోలేదు.

తల వంచుకుని నేలను చూస్తూ నడవడం మొదలుపెట్టాడు. మెల్లగా, తిన్నగా. వంగి ఒక రంగు కాగితం తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఒక మూత. తర్వాత కబాబ్ పుల్ల. పక్కన మనుషులున్నట్టు అటూ ఇటూ చూసి వరస సర్దుకుంటున్నాడు. కింద జనం నవ్వుతున్నారు. నిఖిల్ చేతులు ఊపుతున్నాడు. అప్పుడే నా ముక్కుకు ఆ కంపు తగిలింది. కాలిన కిరసనాయిల్, మురిగిన చెమట, ఉప్పు. వంటవాళ్ల స్టవ్వుల వాసన కావచ్చు, కాదనను.

విమానం కింద ఏదో మెరిసింది. బోల్టు. అది స్టేజీ కట్టినవాళ్లదే, తర్వాత వాళ్లే వచ్చి తీసుకున్నారు. అందులో వింత లేదు.

దాన్ని ముందు చూసింది పెదనాయన. కుర్చీలోంచి లేచి దానివైపు కదిలాడు, ఆ వయసులో అంత వేగం నేనెప్పుడూ చూడలేదు. శ్రీశైలం అడ్డం తిరిగి, అరచేయి ఆయన రొమ్ము మీద పెట్టి వెనక్కి నెట్టాడు. ఒక మాట అన్నాడు. నేను స్పష్టంగా విన్నాను.

"నువ్వుండెహె గురూ, నానెల్తాను."

అని ఫ్యాను వైపు వంగి పరిగెత్తాడు. పెదనాయన వెనకనుంచి రెండు చేతులా అతని చొక్కా పట్టుకుని లాగాడు. ఇద్దరూ పడ్డారు. నేను స్విచ్చు కట్టేశాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిఖిల్ పరిగెత్తుకొచ్చి, వాళ్లు ఇంకా నేలమీదే ఉండగా, "సూపర్ సార్! కెమెరా యాంగిల్ మిస్సయింది, ఇంకొక్కసారి చేద్దామా?" అన్నాడు.

అతన్ని కొట్టకుండా ఎలా నిగ్రహించుకున్నానో ఇప్పటికీ తెలియదు.

శ్రీశైలాన్ని మెట్ల దగ్గర కూర్చోబెట్టాం. చెమటతో ఒళ్లంతా తడిసిపోయింది. "నాకేం యాద్ లేదు మేడం. సైరన్ మోగింది, గంతే. జర నీళ్లియ్యిండ్రి" అన్నాడు. నువ్వు ఏ ఊరి భాష మాట్లాడావని అడిగితే పరేషాన్ అయ్యాడు. పుట్టి పెరిగింది మూసాపేటలోనేనట. సీరియల్‌లో ఎప్పుడైనా శ్రీకాకుళం వైపు మనిషి వేషం వేశావా అన్నాను. లేదన్నాడు. నాకు కూడా ఆ యాస ఆఫీసులో ఒకరిద్దరి నోట విన్నంతే తెలుసు.

కారులో నార్సింగి వెళ్తుంటే ఫ్లైఓవర్ దిగాక పెదనాయన మెల్లగా మొదలుపెట్టాడు. రికార్డు చేసినప్పుడు చెప్పని సంగతి.

"ఆ బోల్టు ముందు చూసింది నేనే పాపా. నేను పోబోతే వాడు నా రొమ్ము మీద చెయ్యి పెట్టి ఎనక్కి నూకినాడు. వాని పెదాలు కదిలినాయి. ఇంజన్ల మోతలో నాకేమీ ఇనపడల్యా. ముందురోజు మంచినీళ్ల కాడ ఇద్దరం కొట్లాడుకోనుంటిమి. నన్ను తిట్టి పోయినాడనే అనుకున్యా ఇన్నేండ్లూ. ఆ మాట ఈపొద్దు ఇనపడింది. మీ పెద్దమ్మకు గూడా చెప్పల్యా."

అప్పన్నది ఏ ఊరు అని అడిగాను. భీమిలి పక్కన సముద్రం ఒడ్డు పల్లె అన్నాడు. అందరినీ గురూ అనే పిలిచేవాడట.

నా వైపు తిరిగి, "స్టేజీ మీద నా అద్దాలు కింద పడిపాయ. వాని మొగం నాకు కనపడల్యా. కోపంగా అన్యాడా పాపా?" అని అడిగాడు.

"లేదు పెదనాయనా. నవ్వుతున్నాడు" అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆ ఓదార్పు మాట నేను కల్పించలేదు. నేను చూసిన ముఖంలో నవ్వుంది, పై పన్ను ఒకటి లేదు. మెట్ల దగ్గర నీళ్లు తాగిన శ్రీశైలానికి పళ్లన్నీ ఉన్నాయి.

నిఖిల్ పెట్టిన రీల్‌లో వెనక పాట ఉంది, కింద చప్పట్ల బొమ్మలు ఉన్నాయి, 'అర్జున్ సార్‌కి సెల్యూట్' అని వందలమంది రాశారు. ఒక్కచోట కూడా అప్పన్న పేరు లేదు. తీసేయమని నేను రాసిన మెయిల్‌కు జవాబు రాలేదు. సరే, పాట లేని అసలు వీడియోలు అడిగి తీసుకుని అన్నీ చూశాను. మూడు వైపుల నుంచి తీశారు. శ్రీశైలం పెదాలు కదులుతాయి. ముఖంలో ఏ భావమూ లేదు, నిద్రలో నడిచే మనిషిలా ఉన్నాడు. చొక్కాకు మైకు పెట్టి ఉన్నా ఫ్యాను మోత తప్ప ఏమీ వినపడదు. ముందు వరసలో కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరూ ఏమీ వినలేదు.

విన్నది మేమిద్దరమే. పెదనాయన విన్నాడంటే, ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మనసే ఆ మాట కల్పించుకుందని సర్దిచెప్పుకోగలను. కానీ అప్పన్నది ఏ ఊరో, ఏ యాసో అప్పటికి తెలియని నేను, ఫ్యాను పక్కనే నిలబడి, అతని మాట ఎలా విన్నానో నాకు అంతు చిక్కడం లేదు. ఆ వీడియోలు చూపించనా అని పెదనాయనను అడిగాను. అక్కర్లేదన్నాడు.