పిల్లికి కర్పూరం

మా పెళ్ళయిన మూడో నెలలో మా ఆవిడ అల్లవరం పుట్టింటికి వెళ్ళి, వస్తూ వస్తూ ఒక పిల్లిని తెచ్చింది. చేతిసంచిలో పెట్టి, తల మాత్రం బయటికి ఉంచి, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరీ తెచ్చింది. కండక్టరు ఏమీ అనలేదా అని అడిగాను.

"అంటే అర టిక్కెట్టు తీసేదాన్నండి" అంది.

అప్పటివరకు మా ఇంట్లో ఆవిడ మాట్లాడిన మాటల్లో అదే పొడుగాటిది. కొత్త కోడలు. మా అమ్మ ఏదైనా చెబితే "ఆయ్". మా నాన్నగారు పిలిస్తే "ఆయ్". నేను జోకు వేస్తే అదీ లేదు. పిల్లితో మాత్రం గంటలకొద్దీ మాట్లాడేది. పుట్టింటి కబుర్లు, ఇక్కడి కూరల్లో ఉప్పు సంగతి, నా గురించి కొన్ని అభిప్రాయాలు. నేను తలుపు చాటున నిలబడి విని, ఈవిడకి ఇన్ని మాటలు వచ్చా అని ఆశ్చర్యపోయేవాణ్ణి. మా అమ్మ ఆ పిల్లిని మా ఇంటి పిల్లి అని ఏనాడూ అనలేదు. "అల్లవరం పిల్లి" అనేది, ఏదో చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళడం మరిచిపోయినట్టు.

ఇది డెబ్భైల చివరి మాట. మాది అమలాపురం పక్క ఊరు. మా నాన్నగారు హెడ్మాస్టరు. మా బాబాయిలు, మేనత్తలు అందరూ టీచర్లే. నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివి, మూడోసారి కూడా దాన్ని ఇబ్బంది పెట్టడం బాగుండదని మానేశాను. రోడ్డు మీద సైకిలు షాపు పెట్టుకున్నాను. మా వంశంలో చేతికి సుద్దముక్క కాకుండా గ్రీజు అంటినవాణ్ణి నేనొక్కణ్ణే.

మా చర్చి సంఘంలో పదిహేను రోజులకోసారి ఒకరి ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగేది. ప్రార్థన వంతు తిరిగినట్టే, అందరూ కూర్చోడానికి సంఘం కొన్న పెద్ద జంపకానా కూడా ఇల్లిల్లూ తిరిగేది. ఒక ఇంట్లో ప్రార్థన కాగానే దాన్ని చుట్టి, తర్వాతి వంతు వాళ్ళింటికి పంపేసేవారు. ఆ నెల అది సంఘపెద్దగారి ఇంటినుంచి మా ఇంటికి వచ్చింది. మోసుకొచ్చిన ఇద్దరూ సంఘపెద్దగారి మూడు కుక్కలూ సందు చివరిదాకా తమని సాగనంపాయని చెప్పి, చుట్టని వసారాలో గోడ వార పడేసి వెళ్ళారు. పిల్లి దాని చుట్టూ ఒకసారి తిరిగి, వాసన చూసి, సంఘంవారు తనకోసమే పరుపు పంపారనుకుని ఎక్కి పడుకుంది.

నాలుగైదు రోజులకి నాన్నగారు వసారాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, ఒక పిల్లవాడి జవాబులో ఫుల్‌స్టాప్ గెంతింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి ఆ ఫుల్‌స్టాప్ ఆయన పంచె మీదికి వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. గోమార్లు, జంతువుల బొచ్చులో ఉండే గెంతుడు పురుగులు. పట్టుకుందామని వేలు పెడితే వేలి కింద ఉండవు, పక్క జిల్లాలో ఉంటాయి.

రెండు రోజుల్లో ఇంటిల్లిపాదీ గోక్కోవడం మొదలుపెట్టాం. మా అమ్మ చీలమండలు దద్దుర్లు తేలి ఎర్రగా అయ్యాయి. పిల్లి సంగతి చెప్పక్కర్లేదు. వెనక కాలు ఎత్తి మెడ గోక్కోవడం మొదలుపెడితే, చెయిను ఊడిన సైకిలు పెడలు తిరిగినట్టు తిరుగుతూనే ఉండేది.

సోమవారం పొద్దున్న మా అమ్మ తీర్పు చెప్పింది. "శుక్రవారం మనింట్లో ప్రార్థన. పాస్టరు అయ్యగారు వస్తారు, అమ్మగారు వస్తారు, సంఘపెద్దగారు వస్తారు. వాళ్ళందరి చేతా నా ఇంట్లో గోకించమంటావా? గురువారం సాయంత్రానికి ఒక్క పురుగు కనబడినా అల్లవరం పిల్లిని సంచిలో వేసి ముక్తేశ్వరం రేవులో పడవెక్కించు. అవతల కోటిపల్లిలో వదిలేసి రా. గోదారి దాటిన పిల్లి వెనక్కి రాదు."

"అమ్మా, పడవలో నాకూ దానికీ ఒకే టిక్కెట్టా?"

"నువ్వు అవతలే ఉండిపోతానంటే నీ టిక్కెట్టు కూడా నేనే పెట్టుకుంటాను."

అప్పుడే ఒక గోనెసంచి తీసి, ఉతికి, పిల్లికి గాలాడాలని కత్తెరతో నాలుగు చిల్లులు కూడా పెట్టి తీగ మీద ఆరేసింది. మా అమ్మ మనసు మంచిదే. ఎటొచ్చీ ఏర్పాట్లు పక్కాగా ఉంటాయి.

మా ఆవిడ తీగ మీది సంచివైపు ఒకసారి చూసింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు పిల్లితో కూడా మాట్లాడలేదు. నేను తలుపు చాటున నిలబడి చాలాసేపు విన్నాను. ఏమీ వినబడలేదు. అదే నాకు భయం వేసింది.

మొదట వేపాకు మరగబెట్టి, చల్లార్చి, ఆ నీళ్ళలో పిల్లిని ముంచాను. పంక్చరు ట్యూబుని ముంచడం నాకు చేతనైన విద్య. ట్యూబు బుడగలొదిలి ఊరుకుంటుంది. పిల్లి నా రెండు చేతుల మీదా మోచేతులదాకా గీతలు గీసి తొట్టి తలకిందులు చేసింది. మర్నాడు షాపుకొచ్చిన ఒక మేష్టారు ఆ గీతలు చూసి "కాపరం ఎలా ఉందోయ్?" అని జాలిగా అడిగారు.

పశువుల ఆస్పత్రికి వెళ్ళాను. కాంపౌండరుగారు వివరంగా విని, "గేదె అయితే తీసుకురండి" అన్నారు. పిల్లేనండీ అన్నాను. "గేదెలకి చల్లే పొడి ఉందండి, కొంచెం చల్లి చూడండి" అని పొట్లం కట్టి ఇచ్చారు. ఇంటికి తెచ్చి విప్పబోతే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దండి. గేదె ఒళ్ళు నాక్కోదు. ఇది రోజంతా నాక్కుంటాదండి."

నిజమే. పదో తరగతి పాసైన బుర్ర. పొట్లం గూట్లో పెట్టేశాను. ఆ ఒక్క మాటా ఇంకొంచెం ముందుకి లాగి ఆలోచించి ఉంటే తర్వాతి కథ జరిగేది కాదు. కానీ నాది ఎనిమిదో తరగతి బుర్ర.

బుధవారం పొద్దున్న నాకు మా మేనత్త కూతుళ్ళ తలలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు వాళ్ళకి పేలు పడితే కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పట్టించేవారు. పేలు చచ్చిపోయేవి, పిల్లలు బతికేవారు. మా సీమలో కొబ్బరినూనెకి లొంగని రోగం లేదు. దెబ్బకీ అదే, నొప్పికీ అదే, నా షాపులో గ్రీజు అయిపోతే ఇరుసుకీ అదే. నూనె ఇంట్లో డబ్బాలకొద్దీ ఉంది. లేనిది కర్పూరం. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు, హారతితో పనిలేదు. బజార్లో కొందామంటే, హెడ్మాస్టరుగారబ్బాయి కర్పూరం కొన్నాడన్న వార్త నాకంటే ముందు అయ్యగారి గుమ్మం ఎక్కుతుంది.

అందుకని దడి పక్క పంతులుగారిని అడిగాను. గుళ్ళో అర్చకత్వం ఆయనది. నాన్నగారికి మంచి స్నేహితుడు.

"కర్పూరమా? మీకెందుకయ్యా?"

"పిల్లికండీ."

ఆయన దడి మీదుగా మా ఇంటివైపు తొంగిచూశారు. "పిల్లికి హారతిస్తున్నారా? మేష్టారికి తెలుసా?"

"హారతి కాదండీ, ఒళ్ళంతా పట్టించడానికి."

"ఇంకా నయం. నైవేద్యానికేమీ అడగలేదు" అంటూ గుప్పెడు బిళ్ళలు పొట్లం కట్టి ఇచ్చారు.

మా ఆవిడ కాలవకి వెళ్ళిన సమయం చూసి, గిన్నెడు నూనెలో ఆ బిళ్ళలన్నీ నలిపి కలిపి, పిల్లికి తలనుంచి తోకదాకా పట్టించాను. గోమార్లు నిజంగానే దూకి పారిపోయాయి. గర్వంగా చూస్తున్నాను. పిల్లి వెళ్ళి ఎండలో కూర్చుని నాక్కోవడం మొదలుపెట్టింది.

పావుగంటకి దాని నోటివెంట చొంగ కారింది. లేచి నాలుగడుగులు వేసి, అయిదోది ఎక్కడ వెయ్యాలో తెలియక పక్కకి ఒరిగింది. కల్లుపాకనుంచి వచ్చే మనిషిలా గోడ పట్టుకుని నడిచింది. తర్వాత వెనక్కి నడిచింది. చివరికి గోడకి ఎదురుగా కూర్చుని, తల ఊపుతూ, గోడతో ఏదో విషయం తేల్చుకుంటున్నట్టు ఉండిపోయింది. నేను నవ్వబోయాను. అప్పుడే మా ఆవిడ బిందెతో లోపలికి వచ్చింది.

ఆవిడ బిందె దింపి, గిన్నె వాసన చూసి, శనగపిండి డబ్బా అందుకుంది. పిండి పట్టించి, గోరువెచ్చని నీళ్ళు పోసి, మళ్ళీ పిండి పట్టించి, నూనె జిడ్డంతా వదిలించింది. పిల్లికి గీరే ఓపిక కూడా లేదు. ఎప్పుడొచ్చారో, నాన్నగారు తన ఉతికిన కండువా తెచ్చి అందించారు. పిల్లిని దానిలో చుట్టి వంటింట్లో పొయ్యి వెచ్చదనానికి పడుకోబెట్టారు. మామా కోడలూ చెరోపక్కనా కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. జోకులు చాలా గుర్తొచ్చాయి. ఒక్కటీ వెయ్యలేదు.

పొద్దు వాలేవేళకి పిల్లి కళ్ళు నిలిచాయి. పాలు రెండు గుక్కలు తాగి, తల ఎత్తి నావంక చూసింది. ఆ చూపు తర్వాత పదేళ్ళపాటు మారలేదు.

గురువారం మా అమ్మ వసారా ఊడుస్తూ "ఇదిగో, మళ్ళీ కుట్టింది" అని కాలు దులిపి, తీగమీది సంచివైపు చూసింది. అప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది.

"అత్తయ్యగారూ, పిల్లి నిన్నట్నుంచి వంటింట్లోనే ఉందండి. వంటింట్లో ఎవర్నీ కుట్టలేదండి. నేను రాత్రంతా దాని పక్కనే పడుకున్నానండి, నన్నూ కుట్టలేదు. కుట్టేది వసారాలోనండి. ఆ జంపకానా వచ్చేక మొదలయ్యేయండి. అంతకుముందు మూడు వారాలు పిల్లి ఇక్కడే ఉంది కదండీ."

మా అమ్మ చీపురు అలాగే పట్టుకుని ఉండిపోయింది. కోడలి నోట అన్ని మాటలు వినడం ఆవిడకి అదే మొదలు.

"అమ్మాయి స్టెప్పులన్నీ కరెక్టు" అన్నారు నాన్నగారు. "జవాబు సరిచూద్దాం."

నేను చుట్టని పెరట్లోకి ఈడ్చి పరిచాను. నాన్నగారు చాకలి మడత విప్పిన తెల్లపంచె కట్టుకుని, చెప్పులు విడిచి, క్లాసులోకి వెళ్ళినంత గంభీరంగా జంపకానా మధ్యకి నడిచి నిలబడ్డారు. చూస్తుండగానే పంచె అంచునుంచి మోకాళ్ళదాకా ఫుల్‌స్టాపులు. ఒక వ్యాసానికి సరిపడా.

"కుక్కలు" అంది మా అమ్మ నెమ్మదిగా. "సంఘపెద్దగారి కుక్కలు." వెంటనే నావైపు తిరిగింది. "ఒరేయ్, ఈ మాట గుమ్మం దాటిందంటే ఆ సంచి నీకే."

ఆ పూటంతా జంపకానాని ఎండలో తిరగేసి బోర్లేసి, కొబ్బరిమట్టతో నా చేతులు పడిపోయేదాకా బాదాను. వసారా అంతా సలసల కాగే నీళ్ళతో కడిగారు. వేపాకు పొగ పెట్టారు. గేదెల పొడి గోడ పగుళ్ళలో కూరి, పైన మట్టి మెత్తారు.

శుక్రవారం ప్రార్థన చక్కగా జరిగింది. ఎవరూ గోక్కోలేదు. టీ తాగుతూ సంఘపెద్దగారు అన్నారు, "మీ ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందండీ మేష్టారూ. మా ఇంట్లో ప్రార్థన పూట అందరూ ఒకటే కదలడం. మనసులు నిలవలేదనుకున్నాను."

"ఆయ్, మనసులేనండి" అంది మా అమ్మ, నావైపు చూడకుండా.

అప్పుడే పిల్లి వంటింట్లోంచి వచ్చి జంపకానా అంచున ఆగింది. శనగపిండి స్నానానికి వెండిలా మెరుస్తోంది. సంఘపెద్దగారు కాళ్ళు కొంచెం దగ్గరికి లాక్కున్నారు. "పిల్లులకి పురుగులుంటాయమ్మా, చూసుకుంటూ ఉండండి."

మా అమ్మ టీ పళ్ళెం కింద పెట్టింది.

"మా పిల్లికి లేవండి" అంది.

వంటింటి గుమ్మంలో మా ఆవిడ తల వంచుకుంది. నవ్వు దాచుకోడానికని నాకు తెలుసు.

ఆ తర్వాత పంతులుగారింట్లో హారతి వాసన వచ్చినప్పుడల్లా మా పిల్లి మంచం కింద దూరేది. గోదారి మాత్రం దాటలేదు. మా అమ్మ ఉతికి చిల్లులు పెట్టిన గోనెసంచిని మా ఆవిడ నాలుగు మడతలు పెట్టి వసారాలో పరిచింది. పిల్లి బతికినన్నాళ్ళూ దానిమీదే పడుకుంది.