పంది పాలైన మా ఇంటి గడ్డి

మాది రామనగుడ దగ్గర సేద్యం. అప్పటికి అదంతా విశాఖపట్నం జిల్లాయే. ఆ ఏడు నాకు రెండో కాన్పు, పుట్టింటికి పంపలేదు. నేను పడుకునే గదిలోంచి చూస్తే కప్పు సందుల్లో ఆకాశం కనిపించేది. వానలకి ముందే కొత్త గడ్డి వేయకపోతే పసిబిడ్డతో సహా తడవాల్సిందే. అందుకే మా ఆయన కొండవార గడ్డి కోయించి, కట్టలు కట్టి పొలం గట్టున పేర్చాడు.

తీరా కప్పు వేద్దామనేసరికి కట్టలన్నీ విప్పి ఎవరో కుప్ప పోశారు. మేకలు కాసేవాళ్ల పనేనని నేను ఊరంతటినీ తిట్టిపోశాను. మా ఆయన మళ్లీ కట్టలు కడదామని కుప్పలో చెయ్యి పెట్టాడో లేదో, లోపల్నుంచి అడవిపంది లేచింది. వీపు పొడవునా నిక్కబొడుచుకున్న వెంట్రుకలు, ఇంత పొడుగు మూతి. ఆయన ఇప్పచెట్టెక్కాడు. పంచె మాత్రం కిందే ఉండిపోయింది.

ఈనే రోజులొస్తే ఆడపంది మంద వదిలేసి, గడ్డి పోగేసుకుని అందులో దూరుతుందట. చెట్టు మీంచి చూస్తే కుప్పలో దోసకాయల్లా చారలు చారల పిల్లలు.

ఇంటికొచ్చి బల్లెం తీశాడు. "ఒక్క పోటు సాలే అమ్మా."

"పెళ్లాం కడుపుతో ఉంటే పేనం తీత్తావేట్రా? బల్లెం ఆడెట్టు," అంది మా అత్త. "అదీ బాలింతే. గడ్డి జోలికెళ్లకండి."

నాకు ఒళ్లు మండింది. చంపొద్దు సరే, డప్పు కొట్టి తరిమితే ఏం పోయింది? నాలుగు నెలలు తిరిగేసరికి ఆ చారలు పోయి, అవే వచ్చి మన చిలగడదుంపలు తవ్వుతాయని మొత్తుకున్నాను. వినలేదు. పిల్లలు తల్లి వెంట కొండెక్కేసరికి గడ్డి నలిగి ఎందుకూ పనికిరాకుండా పోయింది. కొండ మీద మిగిలింది పోడు మంటల్లో కాలిపోయింది. అత్తతో మాట్లాడటం మానేశాను.

నాకు నొప్పులు మొదలైన రోజే మబ్బు పట్టింది. కప్పు మీద ఏదో చప్పుడు వినిపించింది కానీ పట్టించుకునే స్థితిలో లేను. ఆడపిల్ల పుట్టింది. వాన దంచికొట్టింది. మా మీద ఒక్క చుక్క పడలేదు.

తెల్లారి చూద్దును కదా, వంటపాక మీద గడ్డి లేదు. అంతా పీకించి నా గది మీద వేయించింది మా అత్త. తాటాకు గొడుగు కింద కూర్చుని, పొగకి కళ్లు నలుపుకుంటూ నాకు పథ్యం వండుతోంది. నాకు ఏడుపు ఆగలేదు.

"అత్తా, ఆ గడ్డి దానికొదిలేసి నువ్విలా తడవడమేటి?"

"నీకు నేనున్నాను గదే అమ్మీ," అంది పొయ్యి ఊదుతూ. "దానికి అత్తెక్కడుంది?"