మూతలక్క విన్న చప్పుడు

పిల్లల దగ్గుమందు సీసాలకు మూతలు బిగించే మిషన్ దగ్గర ఆమెది పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. ఫ్యాక్టరీలో అందరూ మూతలక్క అంటారు. మూత సరిగ్గా పడితే టక్కుమంటుంది, వదులైతే టప్పుమంటుంది. ఆ తేడా ఆమె చెవికి తప్ప మిషన్‌కు కూడా తెలియదు.

ఆరేళ్ల కిందట ఓసారి ఆ మాట చెప్పింది. అప్పటి సూపర్‌వైజరు అందరి ముందూ, "నిన్ను పెట్టుకున్నది సీసాలు సర్దడానికి, సంగీతం వినడానికి కాదు" అన్నాడు. అంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, మరేం చేస్తుంది? ఆనాటి నుంచి నోటికి తాళం వేసుకుంది. వచ్చామా, సర్దామా, పోయామా, అంతే.

నెల కిందట కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. ఈ ఉదయం అతను ఆమె పక్కన నిలబడి, "అక్కా, ఈ మిషన్ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. తేడా వస్తే ఎర్ర బటన్ నొక్కేయండి, నన్ను అడగక్కర్లేదు" అన్నాడు. అనడానికేం, అందరూ అంటారు అనుకుంది.

పదిన్నరకు మళ్లీ వినిపించింది. టప్పు.

మిషన్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. బయట లారీ హారన్ కొడుతోంది. ఆమె చెయ్యి బటన్ వైపు వెళ్లడం చూసి, పక్కనే పనిచేసే తోటికోడలు మోచేత్తో పొడిచింది.

"కొరివితో తల గోక్కుంటావా? ఉద్యోగం ఊడుతుందే!"

అయినా మూతలక్క నొక్కేసింది. లైను మొత్తం ఆగిపోయింది. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"చప్పుడు మారిందండీ" అంది.

అతను ఒక సీసా తలకిందులు చేశాడు. ఏమీ కారలేదు. రెండోదీ అంతే. తోటికోడలు కళ్లు మూసుకుంది. మూడో సీసా మూత కింద నుంచి ఒక చుక్క జారి అతని వేలి మీద పడింది.

"ఎప్పట్నుంచి వినిపిస్తోందక్కా?"

ఇప్పుడే అంటే సరిపోయేది. శభాష్ అనిపించుకునేది. కానీ ఆ మందు తాగేది పసిపిల్లలు.

"నిన్న మధ్యాహ్నం నుంచండీ."

అతని మొహం పాలిపోయింది. నిన్నటి పెట్టెలు సాయంత్రమే లారీ ఎక్కేశాయి. "మరి నిన్నే ఎందుకు చెప్పలేదు?"

అప్పటిదాకా తేలు కుట్టిన దొంగలా తలొంచుకున్న మనిషి తలెత్తింది.

"ఆరేళ్ల కిందటే చెప్పానండీ."

అతను నిన్నటి లారీని వెనక్కి పిలిపించడానికి ఆఫీసు వైపు పరుగు తీశాడు. ఎవరూ రమ్మనకుండానే ఆమె కూడా వెనకాలే పరిగెత్తింది. టప్పుమన్న సీసాలు ఏయే పెట్టెల్లోకి వెళ్లాయో ఆ నంబర్లన్నీ ఆమెకు జ్ఞాపకమే.